బండ నేలకు తగినట్లు రెసిస్టివిటీ సర్వే పరికరాన్ని మెరుగుపరచుకోవడం

హైదరాబాద్ చుట్టుపక్కల బోరు పాయింటు కోసమో, పునాది కింద బండ ఎంత లోతున ఉందో చూడడానికో రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచి లోపలి పొరలను అంచనా వేసే పద్ధతి) చేసేవారు, రీడింగులు నిలకడగా రాకపోతే ముందుగా మీటరునే అనుమానిస్తారు, ఇంకా ఎక్కువ వోల్టేజి ఇచ్చే యంత్రం కోసం వెతుకుతారు. ఇక్కడి గ్రానైటు నేలలో మాత్రం లోపం చాలాసార్లు లోహపు కడ్డీ (ఎలక్ట్రోడు) నేలను తాకే చోటే ఉంటుంది. అందువల్ల కడ్డీతో మొదలుపెట్టి, కేబుళ్లు సరిచూసుకుని, ఆ తరువాతే సర్క్యూటు జోలికి వెళ్లడం ఖర్చు రీత్యా కూడా మంచిది.

మామూలు అమరికలో ఒకే గీతపై దించిన నాలుగు కడ్డీలలో బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి (వోల్టేజి కడ్డీల) మధ్య వోల్టేజి తేడాను కొలుస్తాము. నీరున్న శిథిల గ్రానైటు నిరోధకత (రెసిస్టివిటీ) సాధారణంగా పదుల నుంచి ఒకటి రెండు వందల ఓమ్-మీటర్ల వరకు ఉంటే, పగుళ్లు లేని గట్టి బండది వేలల్లో ఉంటుంది. ఈ తేడాయే మనకు ఆధారం. అయితే ఏప్రిల్, మే నెలల్లో పైనున్న ఎండిన మొరం కూడా వేల ఓమ్-మీటర్లకు చేరగలదు. అటువంటి నేలలో, అంటే 3,000 ఓమ్-మీటర్ల మొరంలో, 16 మిల్లీమీటర్ల కడ్డీని 30 సెంటీమీటర్లు దించితే ఒక్కొక్క కడ్డీ దగ్గర సుమారు 6,400 ఓమ్‌ల నిరోధం అడ్డుపడుతుంది. 400 వోల్టులు ఇచ్చినా నేలలోకి సుమారు 31 మిల్లీయాంపియర్లకు మించి వెళ్లదు.

ఇక్కడ లెక్క కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. కడ్డీ మందాన్ని రెట్టింపు చేస్తే నిరోధం ఆరో వంతు మాత్రమే తగ్గుతుంది. అదే కడ్డీని రెట్టింపు లోతుకు దించితే నూటికి 40 వంతులు తగ్గుతుంది. కాబట్టి లావు కడ్డీల వల్ల రాణిగంజ్ ఇనుప దుకాణాలకు తప్ప ఎవరికీ పెద్దగా లాభం లేదు. మొరంలో రాయి తగిలి లోతుకు దిగకపోతే, సర్వే గీతకు అడ్డంగా, ఒకదానికొకటి కనీసం 60 సెంటీమీటర్ల ఎడంతో రెండు మూడు కడ్డీలు దించి, వాటిని తీగతో కలపాలి. రెండు కలిపితే నిరోధం దాదాపు సగమవుతుంది. ప్రతి కడ్డీ మొదట్లో ఉప్పు నీళ్లు పోసి, అవి ఇంకేదాకా ఆగాలి. పక్కపక్క కడ్డీల తడి ఒకదానితో ఒకటి కలవకుండా చూడాలి. ఎలక్ట్రోడుల మధ్య దూరం ఒకటి రెండు మీటర్లే ఉన్న సర్వేలో కడ్డీని లోతుగా దించకూడదు, ఎందుకంటే మన సూత్రాలన్నీ కరెంటు ఒక బిందువు నుంచి నేలలోకి దిగుతోందని అనుకుని రాసినవి. బండ పైకి తేలిన చోట కడ్డీ దిగదు కనుక, తడి బంకమట్టినో బెంటొనైటునో (నీటిని పీల్చి ఉబ్బే ఒక రకం బంకమట్టి) ముద్దగా పరిచి, దానిపై స్టీలు రేకు అదిమి పెట్టాలి.

కేబుల్ విషయంలో ఒక పరీక్ష చాలు. కడ్డీలకు తగిలించకుండా, కొసలకు టేపు చుట్టి, తీగలను తడి నేలపై పరిచి వోల్టేజి ఇచ్చినప్పుడు మీటరులో కరెంటు కనిపిస్తే తొడుగు ఎక్కడో చిట్లిందని అర్థం. కరెంటు తీగలనూ వోల్టేజి తీగలనూ ఒకే కట్టలో నడిపించకూడదు. 400 వోల్టుల డీసీ ప్రాణం తీస్తుంది కనుక, కడ్డీల దగ్గరున్న వ్యక్తి సరేననే దాకా సరఫరా రాకుండా తాళం, చేతికి అందేలా ఎర్ర స్విచ్చి తప్పనిసరిగా పెట్టాలి. ఊళ్లో సర్వే అంటే పిల్లలు, పశువులు చుట్టూ చేరతాయని ముందే అనుకోవాలి.

ఇక సర్క్యూటు. 5 మీటర్ల ఎడంతో డైపోల్-డైపోల్ అమరికలో (కరెంటు కడ్డీలు ఒక జతగా, వోల్టేజి కడ్డీలు దూరంగా మరో జతగా ఒకే గీతపై ఉండే పద్ధతిలో), కరెంటు జత, వోల్టేజి జత 30 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, 100 ఓమ్-మీటర్ల నేలలోకి 50 మిల్లీయాంపియర్లు పంపితే మనకు దక్కేది 0.95 మిల్లీవోల్టు. నేలలో సహజంగా ఉండే వోల్టేజి మాత్రం పదుల మిల్లీవోల్టులు ఉండవచ్చు, పైగా అది మెల్లగా జరుగుతూ ఉంటుంది. దీనికి మందు కరెంటు దిశను ప్లస్, మైనస్, మైనస్, ప్లస్ వరుసలో మార్చడం. ఉదాహరణకు నాలుగు రీడింగులు 40.95, 39.15, 39.25, 41.25 మిల్లీవోల్టులు అనుకుందాము. మొదటి, నాలుగో రీడింగుల మొత్తం నుంచి మధ్య రెండింటి మొత్తం తీసేసి నాలుగుతో భాగిస్తే 0.95 వస్తుంది. మొదటి రెండింటితోనే సరిపెట్టుకుంటే 0.90 వచ్చి, నూటికి ఐదు వంతులకు పైగా తప్పు దొర్లుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద పోవాలంటే ప్రతి రీడింగును 20 మిల్లీసెకన్ల గుణిజంలో, 200 మిల్లీసెకన్ల పాటైనా, సగటు తీయాలి. 24 బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్పు) ఉన్నా ఈ సగటు లేకపోతే అది రొదనే సూక్ష్మంగా కొలుస్తుంది.

రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చులతో) ఎలక్ట్రోడులను మార్చే పెట్టె తయారుచేసుకునేవారు కరెంటు పూర్తిగా ఆగిన తరువాతే రిలే కదిలేలా ప్రోగ్రామ్ రాయాలి, లేకపోతే కాంటాక్టులు అతుక్కుపోతాయి. కరెంటు పంపిన కడ్డీ కొంతసేపు పోలరైజ్ అయి (సొంతంగా కొంత వోల్టేజి నిలుపుకుని) ఉంటుంది కనుక, దానినే వెంటనే వోల్టేజి కడ్డీగా వాడకుండా కొలతల వరుస అమర్చుకోవాలి.

పొలానికి వెళ్లేముందు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే రెసిస్టర్లతో ఒక నమూనా నేల కట్టుకోవచ్చు: 1,000 ఓమ్‌లు, 1 ఓమ్, 1,000 ఓమ్‌లు వరుసగా కలిపి, చివరల నుంచి కరెంటు పంపి మధ్యదానిపై వోల్టేజి కొలవాలి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే 1 ఓమ్ రావాలి. 100 వోల్టులకే పెద్ద రెసిస్టరు ఒక్కొక్కటి 2.5 వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి 10 వాట్ల వైర్‌వౌండ్ రకం తీసుకోవాలి. పొలంలో మాత్రం నమ్మదగిన పరీక్ష కరెంటు, వోల్టేజి కడ్డీలను తారుమారు చేసి మళ్లీ కొలవడమే. రెండు విలువల మధ్య నూటికి ఐదు వంతులు మించి తేడా ఉంటే ఆ బిందువును కంప్యూటరుకు ఇవ్వకపోవడమే మేలు.

5 మీటర్ల ఎడంతో 48 ఎలక్ట్రోడులు పరిస్తే గీత 235 మీటర్లు అవుతుంది, చూపు సుమారు 40 మీటర్ల లోతుకు చేరుతుంది. నగరానికి దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో జరిగిన అధ్యయనాలలో నీరు పారే పగుళ్లు ఎక్కువగా 35 మీటర్ల లోపే కనిపించాయి కనుక, బయటి పొలాలలో ఇది అక్కరకు వస్తుంది. నగరంలోని 200 గజాల స్థలంలో మాత్రం అంత పొడవు గీత దొరకదు. అక్కడ 800 అడుగుల లోతున ఉన్న సన్నని పగులును చూపిస్తానంటే, ఏ పరికరంతో చూపినా, నమ్మవలసిన పని లేదు.