ముంగిస దూరని కోళ్ల గూడు: నా అనుభవం

హనుమకొండ పెరట్లో పది నాటుకోళ్లకు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గూడు. మొదట వేసింది ఆరుకోణాల కోళ్లజాలి. అది కోడిని లోపల ఉంచుతదే గానీ కుక్కను ఆపదు. పళ్లతో పట్టి గుంజితే మెలికలు విడిపోతయ్.

దాన్ని పీకి అర అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (తీగలు అతికిచ్చిన గట్టి జాలి) కట్టిన. కన్ను అర అంగుళం దాటితే చిన్న పాములు, ఎలుకలు దూరతయ్. బైండింగ్ వైరు ప్రతి నాలుగంగుళాలకు ఒక ముడి; మూలల్లో ఇంకా దగ్గరగా. ఎక్కడ వదులైతే అక్కడనే ముంగిస మూతి పెడతది.

ముంగిస జాలి మొదట్లనే తవ్వుతది. అందుకే అడుగున్నర మెష్‌ను బయటి దిక్కు నేలమీద పరిచి, గూటి జాలి కింది అంచుకు కలిపి కట్టి, పైన మట్టి, బండలు వేసిన. గోళ్లకు తీగ తగిలినంక అక్కడనే గీకుతది గానీ, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు పగిలే నేల. అడుగు లోతు గుంతలో గూటికి గుంజలుగా నిలిపిన ఐరన్ యాంగిళ్లు ఒరిగినయ్. రెండడుగులు తవ్వి కాంక్రీటు పోస్తే నిలిచినయ్.

రేకు మీద మే నెలకు తాటికమ్మలు కప్పాలె. తలుపుకు గొళ్లెం ఒక్కటే చాలదు, కింద ఇంకో కొక్కెం.