మసక జంటనక్షత్రం చూసే ముందు: కళింగపట్నం తీరంలో జాగ్రత్తలు

• అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూగా పెట్టుకోండి. జంటనక్షత్రం అంటే కంటికి ఒకటిగా కనిపించి, టెలిస్కోపులో రెండుగా విడిపోయే చుక్క. వెన్నెల్లో మసక చుక్క దొరకదు.

• లైట్‌హౌస్ వెలుగు వీపు వైపు ఉండాలి.

• టెలిస్కోపును అరగంట ముందే ఆరుబయట పెట్టండి. డాబా మీద మాత్రం వద్దు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి చాలాసేపు సెగ వదులుతుంది, చుక్క నీళ్లలో దీపంలా వణుకుతుంది.

• అన్నిటికన్నా టెన్షన్ మంచుతోనే. పోయిన మాఘంలో లెన్స్ మీద తెల్లగా పొర కట్టింది. తొందరపడి తువ్వాలుతో తుడిచాను, సన్నని గీత పడింది. ఇప్పటికీ చూస్తే బాధే. దయచేసి తుడవకండి. నల్ల అట్టను గొట్టంలా చుట్టి ముందే తొడగండి.

• కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20–30 నిమిషాలు కావాలి. ఫోన్ తీయొద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం మామూలు టార్చే, పాములుంటాయి.

• ముందు సప్తర్షుల్లోని వశిష్ఠుడి మీద ఫోకస్ సరిచూసుకోండి. పక్కనున్న అరుంధతి కాదు, వశిష్ఠుడే సుమారు 14 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడంతో రెండుగా విడిపోవాలి.

• 100 మి.మీ. వెడల్పు లెన్స్ ఉన్న టెలిస్కోపు దాదాపు 1.2 ఆర్క్‌సెకన్ల కన్నా దగ్గరి జంటను విడదీయలేదు. ఎంచుకునేటప్పుడే ఎడం చూసుకోండి.

• జంటలోని మసక తోడు చుక్కను సూటిగా చూడకండి. చూపు కాస్త పక్కకు తిప్పితే, అదే మెల్లగా తేలుతుంది.