సీనియర్ అంటే ఎవరికి, దేనిలో?

మా మనవరాలు సీనియర్ ఇంటర్ చదువుతోంది. మొన్న ఇంగ్లిష్ పరీక్షలో ‘సీనియర్ దాన్ మీ’ అని రాసి ఒక మార్కు పోగొట్టుకుని వచ్చింది. ‘‘టాలర్ దాన్ అంటాం, ఓల్డర్ దాన్ అంటాం. దీనికి మాత్రం టు ఎందుకు అమ్మమ్మా?’’ అని నా మీద పడింది. నన్నే అడగడానికి కారణముంది. నేను పాతికేళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చుని సీనియారిటీ జాబితాలు తయారుచేసినదాన్ని. ఈ ఒక్క మాట మూలంగా పక్కపక్క కుర్చీల వాళ్లు మాటలు మానేయడం కళ్లారా చూశాను. అందుకని దీన్ని ఎలా వాడాలో దానికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను.

ముందు ఆ ‘టు’ గొడవ తేల్చేద్దాం. తెలుగులో ‘ఆయన నాకు సీనియర్’ అంటాం కదా. ఆ ‘కు’ ఉందే, అదే ‘టు’. ఇంగ్లిష్‌లో రాసే ముందు మనసులో ఒకసారి తెలుగులో అనుకుంటే చాలు, ‘దాన్’ దానంతటదే తప్పుకుంటుంది. జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ కూడా ఇదే బాపతు. ఇవన్నీ లాటిన్ నుంచి వచ్చినవి. లాటిన్‌లో సెనెక్స్ అంటే ముసలివాడు, సీనియర్ అంటే అంతకన్నా పెద్దవాడు. మాట చివరి ‘ఇయర్’లోనే మన ‘కన్నా’ ఇమిడి ఉంది. అందుకే ‘మోర్ సీనియర్’ అంటే చెవికి కాస్త ఎక్కువగా తోస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు ఇప్పుడు దాన్నీ వాడేస్తున్నారు లెండి. ‘సీనియర్ దాన్’ మాత్రం ఇంకా తప్పే.

ఈ సెనెక్స్‌కు మనింట్లోనే ఒక చుట్టం ఉంది. సంస్కృతంలో ‘సన’ అంటే పాతది, సనాతనంలో ఉన్నది అదే. జూనియర్‌కు మూలమైన లాటిన్ మాట మన ‘యువ’కు దాయాది. అంటే సీనియర్, జూనియర్ అని పిలిచినప్పుడల్లా సనాతనుణ్నీ యువకుణ్నీ పిలుస్తున్నట్టే. సంస్కృతం నుంచి వాళ్లు ఎత్తుకుపోయారని మాత్రం వాట్సాప్‌లో పంపకండి. రెండు భాషలకూ అంతకు ముందున్న తాత ఒకటే, ఆ ఆస్తి ఇద్దరికీ వచ్చింది.

రోమ్‌లో సెనేట్ అన్నా ఇదే సెనెక్స్. రాజ్యసభను మన పత్రికలు పెద్దల సభ అని రాస్తాయి చూడండి, సెనేట్‌కు అంతకన్నా సరైన తెలుగు దొరకదు. ఆ పెద్దల సభకు మనకు 30 ఏళ్లు నిండితే చాలు, అది వేరే సంగతి. సీనియరే ఫ్రెంచి వాళ్ల నోట్లో నలిగి ‘సైర్’ అయింది, ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘సర్’ అయింది, మన బడి వరండాలోకి వచ్చేసరికి ‘సార్’ అయింది. ఫ్రెంచి ‘మొస్యు’ కూడా ఇందులోంచి పుట్టిందే. నిజాం దగ్గర సేనానిగా పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి దొర రేమండ్‌ను ఊళ్లో మూసారాం అనేవారట, మూసారాంబాగ్‌కు పేరు అలా వచ్చిందని హైదరాబాదీలు చెప్పుకుంటారు. ఆ లెక్కన దిల్‌సుఖ్‌నగర్ బస్సులో మూసారాంబాగ్‌కు టికెట్ అడిగేవాళ్లు కూడా లాటిన్ మాట్లాడుతున్నట్టే.

ఇక అసలు పని. సీనియర్ అని రాయబోతున్నప్పుడు చెయ్యి ఆపి ‘దేనిలో?’ అని అడగండి. వయసులోనా, సర్వీసులోనా, హోదాలోనా? ఈ ప్రశ్న వేయకపోవడం వల్లే మా ఆఫీసులో సగం అభ్యంతర పత్రాలు వచ్చేవి.

ఒక బ్యాచ్‌లో ఇద్దరు ఆడవాళ్లు జూనియర్ అసిస్టెంట్లుగా వచ్చారు. ఒకావిడ రెండోఆవిడ కన్నా తొమ్మిదేళ్లు పెద్ద, పైగా రెండు రోజులు ముందు చేరింది. తాత్కాలిక జాబితాలో ఆవిడ పేరు కింద పెట్టాను. ఆ సాయంత్రమే మా బల్ల దగ్గరికి వచ్చి, ‘‘వయసులో పెద్దదాన్ని, ముందు చేరినదాన్ని, నన్ను దానికింద పెడతారా మేడమ్?’’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు నాది కాదు. సర్వీస్ కమిషన్ ఒకే ఎంపికలో ఇచ్చినవాళ్లకు ఆ జాబితాలోని ర్యాంకే సీనియారిటీ. గడువులోపల ఎవరు ఏ రోజు చేరినా వరుస మారదు. ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996లో 33వ రూలు తీసి చూపించాను. ఆవిడ చదివింది, ఒప్పుకుంది, నాతో మాత్రం ఏడాది పాటు మాట్లాడలేదు. కాబట్టి మీది ప్రభుత్వోద్యోగమైతే సీనియర్ అన్న మాటకు పుట్టినతేదీని ఆధారం చేసుకోకండి. తాత్కాలిక జాబితా రాగానే మీ ర్యాంకు, నియామక తేదీ సర్వీసు రిజిస్టరుతో పోల్చుకోండి, తేడా ఉంటే గడువులోపల రాతపూర్వకంగా ఇవ్వండి. కారిడార్లో అరిస్తే అది ఫైలుకు ఎక్కదు.

కోర్టు వార్త రాసేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. ముప్ఫై ఏళ్లు ప్రాక్టీసు చేసిన ప్రతి వకీలునూ మన పేపర్లు ‘సీనియర్ న్యాయవాది’ చేసేస్తాయి. 1961 అడ్వొకేట్స్ చట్టం ప్రకారం అది సుప్రీంకోర్టో హైకోర్టో ఇచ్చే హోదా. ఆ హోదా వచ్చినవారు స్వయంగా వకాలత్‌నామా దాఖలు చేయకూడదు, మరో న్యాయవాది తోడుండాలి. హోదా లేనివారిని ‘అనుభవజ్ఞుడైన న్యాయవాది’ అనండి, ఎవరికీ చిన్నతనం కాదు. ‘సీనియర్ నాయకుడు’ సంగతి నేనేమీ చెప్పలేను. అది పార్టీలో పాతవాడో, వయసులో పెద్దవాడో, ఈసారి టికెట్ రానివాడో సందర్భాన్ని బట్టి మీరే గ్రహించుకోవాలి.

సీనియర్ సిటిజన్ అన్న చోట మాత్రం వయసే లెక్క, కాకపోతే ఏ కౌంటరు దగ్గర నిలబడ్డారో చూసుకోవాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం (2007) ప్రకారం 60. ఆదాయపు పన్నుకూ 60, 80 నిండితే సూపర్ సీనియర్. రైల్వే కింది బెర్తు కోటాకు మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45. నాకు పన్ను దగ్గర పెద్దరికం రాకముందే చాలా ఏళ్లు బెర్తు మీద వచ్చేసింది.

ఇంటర్‌లో సీనియర్ అంటే రెండో ఏడాది, అంతే. చదివేది జూనియర్ కాలేజీలో, అయినా వాళ్లు సీనియర్లు. బయటి రాష్ట్రం వాళ్లకు చెప్పేటప్పుడు ‘సెకండ్ ఇయర్’ అనండి, లేకపోతే బుర్ర గోక్కుంటారు. ఇంకో తెలుగు అలవాటు, సీనియర్ ఎన్టీఆర్, జూనియర్ ఎన్టీఆర్. ఇంగ్లిష్ వాళ్లు ఈ తోకలు ఎక్కువగా తండ్రీకొడుకులకు తగిలిస్తారు, తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు అవి తాతామనవళ్లకు కుదిరాయి.

తెలుగులో రాసేటప్పుడు నిజానికి ఈ మాట లేకుండానే చాలాసార్లు గడిచిపోతుంది. మన వాళ్లు వయోవృద్ధుడు, జ్ఞానవృద్ధుడు అని ముందే విడదీసి పెట్టారు. వయసైతే ‘పెద్ద’, ఉద్యోగమైతే ‘ముందు చేరిన’, హోదా అయితే ‘పై అధికారి’ వేసి చూడండి. వాక్యం నిలబడితే అదే ఉంచండి. ఆఫీసు జాబితాలోనూ కాలేజీ గేటు దగ్గరా మాత్రం సీనియర్‌ను కదపొద్దు, అక్కడ అదే తెలుగు.

ఇదంతా విన్నాక మనవరాలు ‘సీనియర్ టు’ పెట్టి పది వాక్యాలు రాసి చూపించింది. పదోది, ‘మా అమ్మమ్మ మా తాతయ్యకు సీనియర్’. ఆయన నా కన్నా నాలుగేళ్లు పెద్ద. అదే డిపార్ట్‌మెంట్‌లో నా తర్వాత రెండేళ్లకు చేరారు. పేపరు మడిచి, ‘‘ఇది కొట్టేయవే’’ అన్నారు. కొట్టేయక్కర్లేదు, పక్కన ‘సర్వీసులో’ అని రాసుకో అని చెప్పాను.