రీల్స్‌లో తిండి గురించి చెప్పేవి నిజమో కాదో పిల్లలు కనిపెట్టడం ఎలా నేర్పాలి?

పోయిన ఏడాది మా అక్క కూతురు రాత్రిపూట తినడం మానేసింది, పదహారేళ్ల పిల్ల. ఏమైందే అని అడిగితే ఫోన్ చూపించింది, "7 రోజుల్లో 4 కిలోలు తగ్గండి, ఈ డీటాక్స్ జ్యూస్ ఒక్కటి చాలు" అని ఒక రీల్. నేను సగం కూడా చూడకుండా "అదంతా సొల్లు, నమ్మకు" అనేశాను, అంతే, మొహం ముడుచుకుని లోపలికెళ్లిపోయింది, ఆ తర్వాత చాలా రోజులు నాకేం చూపించలేదు. అందుకే ఫస్ట్ స్టెప్ ఇది: కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని వీడియో మొత్తం కలిసి చూడండి, ఇందులో నీకేం నచ్చింది అని అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. చాలాసార్లు అసలు బాధ తిండి గురించి కాదు, క్లాసులో ఎవరో లావయ్యావు అన్న మాట లోపల గుచ్చుతూ ఉంటుంది.

తర్వాత అదే వీడియో మళ్లీ పెట్టి, "ఇది విషం", "డాక్టర్లు చెప్పని రహస్యం", "ఒక్క వారంలోనే" లాంటి మాట వచ్చిన ప్రతిచోటా పాజ్ చేయమనండి. వాళ్లే ఆపాలి, మీరు కాదు.

ఇప్పుడు లెక్క. ఇది నాకు బాగా పనిచేసింది కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి, 4 కిలోలంటే 30,800, దాన్ని 7 రోజులకి పంచితే రోజుకి 4,400. మామూలు మనిషి ఒళ్లు రోజంతా ఖర్చుపెట్టేదే 2,000 నుంచి 2,500 ప్రాంతంలో ఉంటుంది, అంటే వారమంతా ఏమీ తినకపోయినా అంత కొవ్వు కరగదు! మరి వెయింగ్ మెషిన్‌లో తగ్గినట్టు ఎందుకు కనిపిస్తుంది అంటే, తిండి తగ్గగానే ఒళ్లు దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వని వాడేసుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్లు నిల్వ ఉంటాయి, అవి కూడా పోతాయి, మళ్లీ మామూలుగా తినగానే ఆ బరువు వెనక్కొచ్చేస్తుంది. మా పిల్ల పేపర్ మీద ఈ భాగహారం తనే చేసుకుంది, నేను ఒక్క మాట ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

ఎవరు చెప్తున్నారు, ఏం అమ్ముతున్నారు అన్నది కూడా చూడాలి. ప్రొఫైల్‌లోకి వెళ్లి లింకులు, డిస్కౌంట్ కోడ్ ఉన్నాయేమో వెతకమనండి. అమ్మేవాళ్లందరూ అబద్ధాలకోర్లని కాదు, కానీ ఆ సంగతి తెలిసి వినడం వేరు. సిక్స్‌ప్యాక్ ఉంటే చదువున్నట్టు కాదు, న్యూట్రిషనిస్ట్ అన్న పేరు చాలా దేశాల్లో ఎవరైనా పెట్టేసుకోవచ్చు. నిజంగా పెద్ద చదువున్నా సరిపోదు ఒక్కోసారి, లైనస్ పౌలింగ్‌నే తీసుకోండి, 1954లో కెమిస్ట్రీకి, 1962లో శాంతికి నోబెల్ వచ్చిన మనిషి, విటమిన్ సి ఎక్కువ డోసులో వేసుకుంటే జలుబు రాదని 1970 నుంచి గట్టిగా చెప్పారు, తర్వాత జరిగిన పరీక్షల్లో మాత్రం రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబులు తగ్గలేదని తేలింది. కాబట్టి చెప్పినవాళ్ల పేరు చూసి ఆగిపోకుండా రుజువు అడగాలి.

రుజువు కోసం కామెంట్లు చదవడం వేస్ట్. యాప్‌లోంచి బయటికొచ్చి ఆ మాటనే సెర్చ్‌లో కొట్టి, ఏమీ అమ్మని రెండు మూడు చోట్ల ఏం రాశారో చూడాలి. డీటాక్స్ అని వెతికితే, ఒంట్లో చెత్తని బయటికి పంపే పని లివర్, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉంటాయని కనిపిస్తుంది. "స్టడీలో తేలింది" అంటే ఆ స్టడీ మనుషుల మీదా ఎలుకల మీదా, ఎంతమంది మీద, ఎంత డోసు అని అడగడం అలవాటు చేయండి.

ఆ రీల్ కింద నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కించడం మర్చిపోకండి, ఎక్కువసేపు చూసినవాటి లాంటివే ఫీడ్‌లో ఇంకా వస్తాయి కదా.

ఒక్కటి మాత్రం ఈ స్టెప్స్‌తో తేలదు. పూటలు మానేయడం, రోజుకి నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, తిన్నాక బాత్రూమ్‌కి పరిగెత్తడం లాంటివి కనిపిస్తే, వీడియో నిజమా అబద్ధమా అని వాదిస్తూ కూర్చోకుండా, తిట్టకుండా, ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.