కెరక్ కోట చూడబోతున్నారా? గుమ్మం దగ్గర ఆగండి

హోలీ ల్యాండ్ టూర్‌కి వెళ్లిన ఒక అమ్మగారు జోర్డాన్‌లోని కెరక్ కోటలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారని ఈమధ్యే తెలిసింది. పడింది నేననుకున్న చోటే, కింది అంతస్తు మెట్ల మీద.

పాస్‌పోర్టు, మందులు, నీళ్ల సీసా సంగతి మీ టూర్ వాళ్లు చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. ఎండలోంచి చీకటి గదిలోకి ఆగకుండా నడవకండి.

క్రూసేడర్లు, అంటే యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు, 1142 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టిన ఈ కోట, ముస్లిం సుల్తాను సలాద్దీన్ సేనలు ఏడాదికి పైగా ముట్టడించాక 1188లో లొంగింది. పైభాగం చాలావరకు శిథిలమైనా కింద పొడవాటి కమాను గదులు నిలిచే ఉన్నాయి. బయట రాళ్ల మీద ఎండ కళ్లు చెదిరేలా కొడుతుంది. గుమ్మం దాటగానే ఏమీ కనపడదు. కప్పులోని కంతలోంచి వెలుగు ఒక్కచోటే పడి, పక్కనున్న గుంట ఇంకా నల్లగా కలిసిపోతుంది. మెట్లు ఒక ఎత్తున ఉండవు, అంచులు అరిగి నున్నబడ్డాయి. కంటికి చీకటి అలవాటు కావాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. గైడు వెళ్లిపోతున్నాడనే టెన్షన్‌లో మనవాళ్లు ఆ నిమిషాలు ఆగరు. ఆగండి. గోడకి చెయ్యి ఆనించి, టార్చ్ నేల మీదకి కొట్టి, అప్పుడు అడుగు వేయండి. గైడుని ఆగమనడానికి మొహమాటం వద్దు.

బైబిల్లో రెండవ రాజులు 3వ అధ్యాయంలో మోయాబు రాజు మేషా తన పెద్ద కొడుకుని ప్రాకారం మీద బలి ఇచ్చిన కీర్హరెశెతు ఇదేనని చాలామంది పండితులు అంటారు. ఆ ప్రాకారం ఎక్కడుందోనని కొందరు గోడ అంచుదాకా వెళ్తున్నారు. ఇప్పుడున్న గోడలు క్రూసేడర్లవి, తర్వాత ఏలిన మమ్లూకు సుల్తానులవి. మేషా రాజుకీ వీటికీ మధ్య రెండు వేల ఏళ్లు గడిచాయి. వాక్యం ఆవరణలో కూర్చుని చదువుకోండి. అంచున చాలాచోట్ల కమ్మీలు లేవు, కింద కొండ నిట్టనిలువుగా దిగిపోతుంది.

కోట సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. మృత సముద్రం సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా కింద. అక్కడ చెమటలు పట్టిన నూలు చీరతోనే చలికాలంలో పైకొస్తే వణికిపోతారు. స్వెట్టర్ చేతిలోనే ఉంచుకోండి.

వాన పడితే దారిలో వాగుల్లోకి దిగకండి. 2018 అక్టోబరు 25న మృత సముద్రం దగ్గర ఒక్కసారిగా వచ్చిన వరదలో 21 మంది పోయారు, ఎక్కువమంది విహారయాత్రకొచ్చిన స్కూలు పిల్లలే.

హవాయి చెప్పులు వద్దు. కుచ్చిళ్లు చీలమండ పైకి దోపుకోండి. ఫోన్ లైటు నమ్ముకోవద్దు, ఫొటోలతోనే ఛార్జింగ్ అయిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కిందికి దింపొద్దు, తోడుగా ఒకరు పైనే ఉండండి. అడ్డం కట్టిన తాడు దాటొద్దు. ఒంటరిగా కింది గదుల్లోకి పోవద్దు. బస్సు టైమైందని ఎవరు తొందరపెట్టినా గుమ్మం దగ్గర ఆగాల్సిందే, లోపలికి పోయేటప్పుడూ, ఎండలోకి వచ్చేటప్పుడూ. ఎవరైనా పడితే రెక్క పట్టుకుని లేపొద్దు. కదపకుండా ఉంచి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయించండి.