స్టార్టప్ పని మొదలుపెట్టే ముందు ఆఫీసు లాప్‌టాప్ మూసేయండి

పెట్టుబడిదారు ఒప్పుకున్నాక కూడా చివరి తనిఖీలో ఆగిపోయిన ఒప్పందాల కబుర్లు ఈమధ్య ఎక్కువగా వినపడుతున్నాయి. ప్రొడక్ట్ బాగుంటుంది, డబ్బు కట్టే కస్టమర్లూ ఉంటారు. లాయర్లు కోడ్ చరిత్ర తెరిస్తే మొదటి కమిట్ల (కోడ్‌లో మార్పుల్ని సేవ్ చేసిన నమోదుల) పక్కన కనిపించేది ఫౌండర్ అప్పట్లో పనిచేసిన కంపెనీ ఈమెయిల్. ఈ కోడ్ ఎవరిదో తేల్చుకుని రండి అంటారు. తేల్చుకోవాలంటే పాత యజమాని సంతకం కావాలి. ఆ సంతకం అప్పుడు అంత సులువుగా రాదు.

ఉద్యోగం ఉంచుకుని మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. ఆన్‌లైన్ వేలం సైటు ఈబే 1995లో పుట్టినప్పుడు దాన్ని పెట్టిన పియెర్ ఒమిడ్యార్ వేరే కంపెనీలో ఉద్యోగి. ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టి ఆ తర్వాత మానేసినవాళ్ల వ్యాపారం మూతపడే ముప్పు, మొదటి రోజే మానేసి దిగినవాళ్లకంటే దాదాపు మూడోవంతు తక్కువని 2014లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. దారి మంచిదే. మనుషుల్ని ముంచుతున్నది ఆ దారిలో చేసే ఒక్క పొరపాటు. పొదుపు చేసుకోండి, నిద్ర పోండి, ఇంట్లో చెప్పండి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ముందు కాగితాలు

ఆఫర్ లెటర్ ఒక్కటే చాలదు. చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టినవన్నీ తీయండి: నియామక ఒప్పందం, గోప్యత ఒప్పందం, ఉద్యోగుల నియమావళి. నాలుగు సంగతులు వెతకండి. బయటి పనికి అనుమతి కావాలా? మీరు కనిపెట్టినది ఎవరిది? మానేశాక పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు ఉందా? సహోద్యోగుల్నీ కస్టమర్లనీ పిలుచుకోకూడదన్న షరతు ఉందా?

రెండో సంగతిలో ఒక్కో మాటా పట్టి చూడాలి. "అప్పగించడానికి అంగీకరిస్తున్నాను" వేరు, "ఇందుమూలంగా అప్పగిస్తున్నాను" వేరు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు ఒకరు యూనివర్సిటీ కాగితం మీద మొదటి మాటకీ, తర్వాత పని నేర్చుకోవడానికి వెళ్లిన కంపెనీ కాగితం మీద రెండో మాటకీ సంతకం పెట్టారు. యూనివర్సిటీ కాగితమే ముందుది. అయినా కంపెనీ మాటకే బలం వచ్చింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లినా స్టాన్‌ఫర్డ్ గెలవలేదు. మీ కాగితంలో రెండో మాట ఉంటే, ఆ షరతు కిందికి వచ్చేది ఏది తయారైనా అది ఆ క్షణమే కంపెనీదైపోతుంది. మళ్ళీ మీ సంతకం అక్కర్లేదు.

కొన్ని ఒప్పందాల చివర "ఇంతకు ముందే కనిపెట్టినవి" అని ఒక ఖాళీ పట్టిక ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే మీ దగ్గర అప్పటికి ఏమీ లేదని మీరే ఒప్పుకున్నట్టు. కొత్త ఉద్యోగంలో చేరబోతుంటే అది నింపకుండా సంతకం పెట్టొద్దు.

అనుమతి రాతలోనే

మేనేజర్ "చేసుకోవయ్యా, ఏం ఫరవాలేదు" అంటే అది అనుమతి కాదు. రేపు ఆయన బదిలీ అయితే ఆ మాటా ఆయనతోనే పోతుంది. హెచ్‌ఆర్‌కీ లీగల్ విభాగానికీ ఉత్తరం రాయండి. ఏ రంగమో చెప్పండి, కిటుకు చెప్పొద్దు. సొంత సమయంలో, సొంత సామగ్రితో చేస్తున్నానని రాయండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాక దాని ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. యాపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ హెచ్‌పీ కంపెనీలో ఉద్యోగిగా ఉండగా యాపిల్ మొదటి కంప్యూటర్‌ని ముందు హెచ్‌పీకే చూపించాడు. వాళ్లు వద్దన్నాకే అది యాపిల్‌దైంది.

ఇక అసలు సంగతి: ఆఫీసు లాప్‌టాప్

దాని మీద స్టార్టప్ పని ఒక్క లైను కూడా చేయొద్దు.

కాలిఫోర్నియా చట్టమే చూడండి. ఉద్యోగి పక్షాన ఉండే చట్టాల్లో అదొకటి. పూర్తిగా సొంత సమయంలో, యజమాని పరికరాలూ సామగ్రీ వసతులూ వ్యాపార రహస్యాలూ వాడకుండా తయారుచేసినదాన్ని కంపెనీ లాక్కోలేదని అంటుంది. అక్కడ బరువంతా "పూర్తిగా" అన్న మాట మీదే ఉంది. ఆదివారం రాత్రి పది నిమిషాలు ఆఫీసు లాప్‌టాప్ తెరిస్తే ఆ మాట చెల్లదు. పైగా మీ ఆలోచన యజమాని వ్యాపారానికి సంబంధించినదైతే సొంత లాప్‌టాప్ మీద చేసినా ఆ రక్షణ ఉండదు. ఇంతకంటే బలహీనమైన చట్టమున్న చోట మీ పరిస్థితి ఏమిటో ఆలోచించుకోండి.

"నేను కోడ్ ఏమీ రాయలేదు, ఊరికే డాక్యుమెంట్ తెరిచాను" అంటారు. ఆ తెరవడమే రికార్డవుతుంది. ఏ పెన్‌డ్రైవ్ పెట్టారు, ఏ ఫైలు ఎక్కడికి అప్‌లోడ్ చేశారు, ఏ సైట్‌లో లాగిన్ అయ్యారు అన్నవి నమోదు చేసే సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీల యంత్రాల్లో ముందే ఉంటుంది. బ్రౌజర్‌లో సొంత ఖాతా తెరిస్తే సేవ్ చేసిన పాస్‌వర్డులు కూడా అందులోకి దిగిపోవచ్చు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు మీకు తెలియకుండానే కంపెనీ క్లౌడ్‌కి కాపీ కావచ్చు.

కాబట్టి వేరే యంత్రం కొనండి. పాతదైనా చాలు. బిల్లు మీ పేరున, మీ కార్డు మీద ఉండాలి. కొత్త ఈమెయిల్, కొత్త క్లౌడ్ ఖాతా, మీ పేరున డొమైన్ తీసుకోండి. ఆ యంత్రంలో ఎప్పుడో ఒకసారి ఆఫీసు పని చేసి ఉంటే గిట్ (కోడ్ చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో ఆఫీసు ఈమెయిలే కూర్చుని ఉంటుంది, ప్రతి కమిట్ మీదా అదే పడుతుంది. మొదటి కమిట్‌కి ముందే గిట్ కాన్ఫిగ్ తెరిచి యూజర్ ఈమెయిల్ ఏముందో చూడండి.

ఇప్పటికే చేసేశారా?

డిలీట్ చేయొద్దు. చెరిపిన జాడ కూడా జాడే, దాన్ని సాక్ష్యం మాయం చేయడంగా చూస్తారు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవద్దు, సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. గూగుల్ సెల్ఫ్ డ్రైవింగ్ కార్ల విభాగం నుంచి వెళ్లిపోయిన ఆంథొనీ లెవండోవ్‌స్కీ మీద పడిన ఆరోపణ 14,000 ఫైళ్లు దించుకున్నాడనే. 2020లో ఆయనకి 18 నెలల శిక్ష పడింది, తర్వాతి ఏడాది అమెరికా అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. మీకు దొరకదు. ఆ పని అక్కడితో ఆపి, ఉద్యోగ ఒప్పందాలు చూసే లాయర్ దగ్గరికి వెళ్లండి. కంపెనీ నుంచి హక్కు వదులుకున్నట్టు కాగితం తెచ్చుకోవడమో, పాత కోడ్ చూడకుండా మొదటి నుంచి రాయడమో చేయాలి. ఏది మీకు కుదురుతుందో ఆయనే చెప్పగలరు.

మిగిలినవి వరసగా:

- ఆఫీసు వైఫై కూడా వద్దు. మీ ఫోన్ డేటా వాడండి.
- ఫోన్‌లో ఆఫీసు మెయిల్ ఉంటే కంపెనీ ఆ ఫోన్‌ని దూరం నుంచే తుడిచేయగల ఏర్పాటు ఉండొచ్చు. స్టార్టప్ ఫొటోలు, లాగిన్ కోడ్‌లు దాంట్లో పెట్టొద్దు.
- కంపెనీ డబ్బు కట్టే ఏఐ అసిస్టెంట్‌ని మీ ఆలోచన గురించి ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు.
- ఆఫీసు క్యాలెండర్‌లో కస్టమర్ మీటింగు పెట్టొద్దు. పని గంటల్లో కాల్ తప్పకపోతే సెలవు పెట్టండి. సెలవు రికార్డే మీ సాక్ష్యం.
- కోఫౌండర్ ఉద్యోగ ఒప్పందం కూడా చదవండి. మీరు శుభ్రంగా ఉండి ఆయన ఆఫీసు లాప్‌టాప్ మీద రాస్తుంటే మునిగేది ఇద్దరూ.
- వాటాలు మొదటి నెలలోనే రాసుకోండి. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ దక్కకుండా.
- యజమాని కస్టమర్‌కి అమ్మొద్దు. వాళ్లే అడిగినా అమ్మొద్దు.
- పక్క సీటు మనిషిని రమ్మని పిలవొద్దు.
- అనుమతి చేతికి రాకుండా ప్రొఫైల్‌లో "ఫౌండర్" అని పెట్టొద్దు.
- ప్రభుత్వ ఉద్యోగులు: ముందస్తు అనుమతి లేకుండా అడుగే వేయొద్దు.
- పరాయి దేశంలో వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు: సొంత కంపెనీలో జీతం తీసుకోకుండా చేసినా అది పని కిందికే రావొచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగనిదే మొదలుపెట్టొద్దు.
- బ్యాంకు ఖాతా వేరు. జీతం ఖాతా నుంచి సర్వర్ బిల్లు కట్టొద్దు.
- ఇంటి అప్పు తీసుకోవాలనుంటే జీతం స్లిప్పు ఉండగానే తీసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా మానేసిన రోజుతో పోవచ్చు, సొంతది ముందే కట్టండి.
- ఎన్ని నెలల ఆదాయం వస్తే మానేస్తారో ఆ అంకె ఇప్పుడే కాగితం మీద రాసి తేదీ వేయండి.
- రాజీనామా చేసిన రోజు యంత్రం ఉన్నదున్నట్టు అప్పగించండి. ఫార్మాట్ చేయొద్దు.
- అప్పటిదాకా స్టార్టప్ పేరు ఆ కీబోర్డు మీద టైప్ కూడా చేయొద్దు.