పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అయోవా గళ్ళు

పోయిన పాఠంలో నదుల్ని పట్టుకుని ఒక ప్రాంతాన్ని ఎలా చదవాలో చూశాం. ఈసారి గీతలు. మనిషి గీసిన తిన్నటి గీతల్ని చదవడం నేర్చుకోవాలంటే అమెరికా నడిబొడ్డున ఉన్న అయోవా కంటే మంచి పలక దొరకదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ చిత్రం పెట్టుకోండి. పక్కన నోటుపుస్తకం, పెన్సిల్ ఉంచుకోండి. చదువుతూ మధ్యమధ్యలో ఆగి మ్యాప్ చూడండి. ఒట్టినే చదివేస్తే ఈ పాఠం ఒంటబట్టదు.

ముందు పాత పాఠాన్ని ఒకసారి వాడదాం. అయోవా తూర్పు హద్దు మిసిసిపి. పడమర హద్దు మిస్సోరి, దానికి ఎగువన బిగ్ సూ. తూర్పు, పడమర హద్దులు రెండూ పూర్తిగా నదులే అయిన రాష్ట్రం అమెరికాలో ఇదొక్కటే. విస్తీర్ణం సుమారు 1.45 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 31.9 లక్షలే. తెలంగాణ నేల మీద 2011 నాటికే మూడున్నర కోట్ల మంది ఉన్నారు. ఈ అంకెలు రాసిపెట్టుకోండి.

ఇక గళ్ళు. రాజధాని డి మోయిన్ (స్పెల్లింగు చూసి "డెస్ మోయిన్స్" అని చదవకండి) నుంచి ఉత్తరానికి జరిపి, ఏమ్స్ అనే ఊరి పక్కన ఆపి, దగ్గరికి తెచ్చుకోండి. నేలంతా గళ్ళ దుప్పటి పరిచినట్టు కనిపిస్తుంది. ఒక గడి ఎంచుకుని స్కేలుతో కొలవండి. మైలు పొడవు, మైలు వెడల్పు వస్తుంది. దాని పేరు సెక్షన్, అందులో 640 ఎకరాలు. ఇలాంటివి 36 కలిపితే ఒక టౌన్‌షిప్. 1785లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం ఇది. నేలను ముందు కాగితం మీద గళ్ళుగా కోసి, తర్వాత అమ్మాలని నిర్ణయించారు. ప్రతి టౌన్‌షిప్‌లో 16వ సెక్షన్‌ను బడుల ఖర్చుకి వదిలిపెట్టారు. మన ఊళ్ళలో గట్టు మలుపు వెనక ఏ తాత పంపకమో, ఏ వాగు దారో ఉంటుంది. ఇక్కడ అయోవా 1846లో రాష్ట్రంగా ఏర్పడే నాటికే సర్వేయర్ల గొలుసు నేల మీద పాకుతోంది.

ఒక చిన్న విషయం గమనించండి. ఉత్తరానికి తిన్నగా పోతున్న మట్టిరోడ్డు ఒక్కోచోట ఉన్నట్టుండి పక్కకి తిరిగి, కొన్ని గజాలు పోయి, మళ్ళీ ఉత్తరం పడుతుంది. అడ్డంగా చెట్టూ లేదు, గుట్టా లేదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. చదరం గళ్ళు గుండ్రటి నేల మీద సరిపోవు. ఆ తేడాని సర్వేయర్లు సర్దిన చోటే ఆ మలుపు. భూమి గుండ్రమని కారు స్టీరింగ్ మీద తెలిసే చోటు ఇది! నాకు ఈ పాఠం మొత్తంలో బాగా ఇష్టమైన సంగతి ఇదే.

ఇప్పుడు గళ్ళు చెదిరిన చోట్లు వెతకండి. ఈశాన్యంలో డెకోరా చుట్టూ రోడ్లు వంకర్లు తిరుగుతాయి, లోయల్లో అడవి ఉంటుంది. చివరి హిమయుగపు మంచు అక్కడికి రాలేదు. పడమట మిస్సోరి పొడవునా ముడతలు పడ్డ గుట్టల వరస కనిపిస్తుంది. నది లోయలోంచి గాలి ఎత్తిపోసిన మెత్తటి దుమ్ముమట్టి గుట్టలవి. గడి చెదిరిందంటే కింద నేల వేరే కథ చెబుతోందని గుర్తు.

మధ్యలోని చదునంతా చివరి మంచుపలక నున్నగా చేసి వెళ్ళిన నేల. దాని మీద వేల ఏళ్ళు నిలువెత్తు గడ్డి పెరిగింది. ఆ వేళ్ళు లోపల చచ్చి, కుళ్ళి, మట్టిని నల్లగా చేశాయి. ఏమ్స్‌లో చదువుకునే రోజుల్లో వసంతంలో దున్నిన చేలో ఒక పిడికెడు తీసి చూశాను. మన నల్లరేగడే అనిపించింది. పిసికితే తేడా తెలిసింది. రేగడి బంకగా వేళ్ళకి అంటుకుంటుంది, ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది. ఈ మట్టి పొడిపొడిగా విడిపోయింది. రేగడి గుణం బంకమట్టిది, దీని నలుపు గడ్డివేళ్ళు ఇచ్చింది. ఆ గడ్డి ఇప్పుడు వెయ్యింట ఒక వంతు కూడా మిగల్లేదు.

పైగా ఈ చదునంతా ఒకప్పుడు బురద. నీళ్ళు పోయే దారి ఉండేది కాదు. రైతులు చేల కింద కాల్చిన మట్టి గొట్టాలు పాతి నీళ్ళు తీసేశారు. ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టాలు వేస్తున్నారు, అయినా "టైల్" అనే అంటారు. చేనుకి అది వరమే. కానీ ఎరువులోని నైట్రేట్ కూడా అదే గొట్టంలోంచి వాగుకి, వాగు నుంచి రకూన్ నదికి చేరుతుంది. డి మోయిన్ నగరం తాగే నీళ్ళలో ఆ నది నీళ్ళూ ఉన్నాయి. నైట్రేట్ తీయడానికి నగరం ప్రత్యేకంగా ప్లాంటు కట్టుకోవాల్సి వచ్చింది. పొలంలో లాభం, కుళాయి దగ్గర ఖర్చు. ఈ లెక్క ఇంకా తేలలేదు.

ఒక సెక్షన్ ఏం పండిస్తుందో కట్టి చూద్దాం. రోడ్లు, ఇళ్ళు పోగా సగం మొక్కజొన్న, సగం సోయా అనుకోండి. మరుసటి ఏడు తారుమారు చేస్తారు. మొక్కజొన్న 300 ఎకరాలు. ఎకరానికి 200 బుషెళ్ళు మామూలు దిగుబడి. బుషెల్ అంటే 25.4 కిలోలు, అంటే ఎకరానికి 50 క్వింటాళ్ళ పైమాటే. మొత్తం 15,000 క్వింటాళ్ళు. మీ ఊళ్ళో ఎకరానికి ఎంతొస్తుందో ఒక రైతుని అడిగి పక్కన రాసుకోండి. మన దగ్గర మొక్కజొన్న వేసేవాళ్ళకి పయనీర్ విత్తనాల పేరు కొత్త కాదు. ఆ కంపెనీని 1926లో మొదలుపెట్టిన హెన్రీ వాలెస్ అయోవా మనిషే. తర్వాత అమెరికా వ్యవసాయ మంత్రి, ఉపాధ్యక్షుడు అయ్యాడు.

ఆ గింజలు ఎవరు తింటారు? మనం కాల్చుకుని ఉప్పూకారం రాసుకునే పొత్తులు కావివి. ఎండాక ప్రతి గింజ నెత్తిన చిన్న నొక్కు పడే గట్టి రకం. సగానికి పైగా ఇథనాల్ ఫ్యాక్టరీకి పోతుంది. ఒక బుషెల్ నుంచి సుమారు 11 లీటర్ల ఇథనాల్ వస్తుంది, మిగిలిన పిప్పి పశువులకి దాణా. మిగతా గింజలో పెద్ద భాగం పందులకి. మనిషికి ఏడు చొప్పున, రెండు కోట్లకు పైగా పందులున్నాయి. మ్యాప్‌లో చేల మధ్య తెల్లటి రేకుల షెడ్లు రెండో మూడో పక్కపక్కన పొడుగ్గా కనిపిస్తే చాలావరకు అవే. చేలలో సన్నటి తెల్ల చుక్క, దాని పొడుగాటి నీడ కనిపిస్తే గాలిమర. రాష్ట్రంలో తయారయ్యే కరెంటులో సగానికి పైగా వాటిదే.

మనుషుల్ని పేర్లలో చదవాలి. ఒటమ్వా, కియోకక్ లాంటివి ఆదివాసుల పేర్లు. డుబ్యూక్ ఒక ఫ్రెంచి-కెనడా వ్యాపారి పేరు. 1788లో అతను సీసం తవ్వుకోవడానికి మెస్క్వాకీ అనే ఆదివాసుల దగ్గర అనుమతి తీసుకున్నాడు. పెల్లా 1847లో డచ్చివాళ్ళు కట్టుకున్న ఊరు. వెళ్ళగొట్టబడిన మెస్క్వాకీలు 1857లో తమ డబ్బుతో టామా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 80 ఎకరాలు కొనుక్కుని తిరిగొచ్చారు. తమ నేలనే కొనుక్కోవాల్సి రావడం ఎంత బాధో! ఈనాడు అక్కడ వాళ్ళకి వేల ఎకరాలున్నాయి. మాంసం ఫ్యాక్టరీలున్న స్టార్మ్ లేక్, మార్షల్‌టౌన్ లాంటి ఊళ్ళలో స్పానిష్ బోర్డులు కనిపిస్తాయి. మనవాళ్ళు ఏమ్స్, డి మోయిన్, సీడార్ ర్యాపిడ్స్‌లో ఉన్నారు. పండక్కి మాడ్రిడ్ ఊరి దగ్గర మొక్కజొన్న చేల మధ్య ఉన్న హిందూ గుడికి వెళ్తారు.

ఇప్పుడు అభ్యాసం. 1900 ప్రాంతంలో ఇక్కడ సగటు కమతం సుమారు 150 ఎకరాలు. అంటే ఒక సెక్షన్‌లో నాలుగు ఇళ్ళు, నాలుగు పొయ్యిలు. ఇవాళ సగటు 345 ఎకరాల దాకా ఉంది. యంత్రాలు పెరిగాయి. 1980లలో వడ్డీలు ఆకాశానికంటి, భూమి ధర కుప్పకూలి, అప్పుల్లో ఎన్నో కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. చాలా కౌంటీల్లో 1900లో ఉన్నంతమంది కూడా ఇప్పుడు లేరు.

ఏమ్స్‌కి పడమర ఏవైనా పది సెక్షన్లు తీసుకుని, ఒక్కోదానిలో ఇళ్ళు లెక్కపెట్టండి. తర్వాత చేల నడుమ ఒంటరిగా, నలుచదరంగా ఉన్న చెట్ల గుబుర్లు వెతకండి. ఇంటికి చలిగాలి తగలకుండా నాటుకున్న చెట్లు అలా ఉంటాయి. చెట్లుండి ఇల్లు లేని గుబురు దొరికితే గడి పక్కన సున్నా చుట్టండి. ఎన్ని సున్నాలు వచ్చాయో రాసిపెట్టుకోండి, 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.